ఎక్కడికని అడిగిన పిల్ల

మాఘమాసంలో తెల్లారకముందు మా ఊళ్లో గోదారి ఎక్కడ ఆగుతుందో, సముద్రం ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలియదు. మంచు రెండింటినీ ఒకే దుప్పటి కింద పడుకోబెడుతుంది. పడవలు నీళ్ల మీద కాక గాలిలో తేలుతున్నట్టుంటాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, ఆ వేళ రేవులో నిలబడితే నేనింకా నిద్ర లేవలేదేమో అనిపిస్తుంది. ఇనేశ్ కూడా అదే మాట అంది. అందుకే ఆ పిల్ల నాకు నచ్చింది.

ఇనేశ్‌ది పోర్చుగల్. అక్కడి చేపల రేవులో పుట్టి, సినిమాలు తీయడం చదువుకుని, రాజమండ్రిలో డాక్యుమెంటరీలు తీసే ఓ చిన్న సంస్థలో ఇంటర్న్‌గా చేరింది. ఇక్కడి జాలర్లను అక్కడివాళ్లకు, అక్కడివాళ్లను మనకు చూపించే సినిమా తీయాలి. తన రేవులో పడవ కదలడం ముందే కెమెరాలో తీసి తెచ్చుకుంది. మా రేవులో పడవ కదిలితే సినిమా పూర్తవుతుంది. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న నన్ను దుబాసీగా పెట్టుకున్నారు. ఇనేశ్ మా ఇంట్లోనే ఉండేది. ఆమె కోసం మా అమ్మ తలుపులమ్మ చేపల పులుసులో కారం తగ్గించింది. కన్నకూతురు ఏడ్చినా తగ్గించని కారం అది!

చిక్కంతా మా నాన్న బుల్లియ్యతోనే. పడవ మీద కెమెరా కన్ను పడితే గంగమ్మ మొహం తిప్పుకుంటుందని ఆయన పట్టు. ఇనేశ్ ఆయన పక్కన కూర్చుని వలలు బాగుచేసింది, ముడి తప్పినప్పుడల్లా తిట్లు తింది, "బాబాయ్" అని పిలిచి పిలిచి కరిగించింది. చివరికి, "రేపు పొద్దున్నే పోటు తగ్గి నీళ్లు సముద్రంలోకి తీసేటప్పుడు బయల్దేరతాను. దూరంగా నిలబడి తీసుకో అమ్మా," అన్నాడు. ఆ మర్నాడే ఆమె ఊరికి వెళ్లిపోవాలి. ఉన్నది ఆ ఒక్క తెల్లవారుజామే.

నాన్న పడవ ముక్కుకు దణ్ణం పెట్టి నెట్టబోతున్నాడు. ఇనేశ్ కెమెరా వెనకనుంచి, నేను నేర్పిన తెలుగులో ప్రేమగా అడిగింది.

"ఎక్కడికి బాబాయ్?"

నాన్న చేతులు పడవ మీదే ఆగిపోయాయి.

"శుభమా అని బయల్దేరుతుంటే ఎక్కడికని అడుగుతావేంటే పిల్లా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

అలా అడిగితే వెళ్లిన పని కాదని, కాసేపు కూర్చుని నీళ్లు తాగి లేవాలని మా నమ్మకం. నాన్న ఇసుకలో కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన నీళ్లు తాగాడు. లేవలేదు.

"కెమెరా వద్దని ముందే చెప్పాను. ఇవాళ వేటా లేదు, సినిమా లేదు," అన్నాడు.

అవతల రేవులో నీళ్లు తీసేస్తున్నాయి, ఇంకాసేపైతే పడవ కదలదు. నాకు ఒళ్లు మండింది. నీళ్లు తాగాక కూడా దిగని అలకని ఏం శకునమంటారు?

సంగతి చెబితే ఇనేశ్ మొహం పాలిపోయింది. వెళ్లి నాన్న పక్కనే కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడింది, నేను తెలుగులో చెప్పాను. వాళ్ల రేవులో పడవ కదిలేటప్పుడు ఎవరో ఒకరు ఎక్కడికని అడిగి తీరాలి. అడగకపోతేనే అరిష్టం. వాళ్ల తాతయ్య ఇలాంటి మంచులోనే బయల్దేరాడు. ఆ వేళ రేవులో మనిషన్నవాడు లేడు, ఎవరూ అడగలేదు. ఊరంతా ఉత్తరాన వెతికింది. ఖాళీ పడవ దక్షిణాన దొరికింది.

"అడిగితే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది బాబాయ్," అని ఆ చివరి మాట మాత్రం తనే తెలుగులో కూడబలుక్కుంది.

నాన్న మంచులోకి చూశాడు. మా పెదనాన్న కూడా అటే వెళ్లి తిరిగి రాలేదు. శకునం చెడకూడదని ఆయన్నీ ఎవరూ ఏమీ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది.

నాన్న లేచాడు. పడవ దగ్గరికి నడిచి, ఎవరి మొహమూ చూడకుండా, నీళ్లతో చెబుతున్నట్టు అన్నాడు.

"అన్నాచెల్లెళ్ల గట్టు దాటి, లైట్‌హౌసుకి దక్షిణంగా వేస్తానమ్మా వల. పొద్దు వాలకుండా వచ్చేస్తాను."

అడగకూడదన్నారు గానీ, చెప్పకూడదని ఎవరూ అనలేదు మరి. ఇనేశ్ కెమెరా దగ్గరికి పరుగెత్తింది. పడవ మెల్లగా కదిలి, మంచులోకి వెళ్లి, ఇంజను చప్పుడుగా మిగిలింది. కాసేపటికి అదీ లేదు. నాన్న ఎక్కడున్నాడో తెలిసి ఒడ్డున నిలబడడం నాకదే మొదలు.

పొద్దు వాలకముందే ఆయన వచ్చేశాడు.

మర్నాడు ఇనేశ్ కోసం ఆటో వచ్చింది. అమ్మ ఎండుచేపల మూట కట్టిచ్చింది. ఇనేశ్ ఎక్కి కూర్చుంది. అంతవరకూ గుమ్మంలో నిలబడ్డ నాన్న ఆటో దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"ఎక్కడికమ్మా?"

అమ్మ నోరు నొక్కుకుంది. నాన్న నోట ఆ మాట నేను పుట్టి ఎరగను.

ఇనేశ్ కళ్లు నిండిపోయాయి. "రాజమండ్రి, బాబాయ్. తర్వాత లిస్బన్. తర్వాత మా రేవు."

"సరే. తెలిసింది," అన్నాడు నాన్న.

అప్పుడు ఇనేశ్ ఆటో దిగింది. మా అరుగు మీద కూర్చుని, అమ్మ వైపు చెయ్యి చాపింది. అమ్మ లోపలికి పరుగెత్తి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆ పిల్ల వాటిని చివరి చుక్కదాకా తాగి, కాసేపాగి, మళ్లీ ఆటో ఎక్కింది.