గిన్నె మీద మూత

తుపాకీ పేలలేదు. పేలి ఉంటే జనం తిరగబడేవారేమో! పట్టపగలు, సంత వేళ, రాణిగారి మేడ మీది జెండాను పాత గుడ్డలా కిందికి లాగేశారు. పరాయి ఓడ దిగిన సిపాయిలు వరుసకట్టి కాపలా కాశారు. చేమగడ్డల కావడి భుజాన ఉండగానే కపేకా అదంతా కళ్లారా చూసింది.

నల్లకోట్ల నడుమ నిలబడి ప్రకటన చదివిన లాయరు ఆమెకు కొత్తవాడు కాడు. మార్ష్. సముద్రం దాటి వచ్చిన పాదిరీగారి మనవడు. ఆమె లోయలోనే పుట్టి, ఆమె తల్లి గిన్నెలో రెండు వేళ్లు ముంచి చేమముద్ద నాకుతూ పెరిగాడు. చట్టసభకెక్కి, ఆస్తి లేనివాడికి ఓటు లేదన్నాడు. ఇప్పుడు చెరకుతోటల దొరల కోసం రాణినే దించాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లుంటారు. వీడు వాసాలే ఊడబీక్కుపోయాడు.

ఇక ఈ దీవులను, ఆ ఓడ పంపిన పెద్ద దేశంలో కలిపెయ్యడమే మిగిలింది. జనమంతా ఒప్పుకున్నారని అక్కడ చెప్పుకోవాలి. అందుకని లోయలు తిరగసాగాడు.

పక్క లోయలో ఆకలన్నాడు. వాళ్లు చేమముద్ద గిన్నె తెరిచారు. చేమ ఆ జనానికి పెద్దన్న; అన్న మొలిచాకే మనిషి పుట్టాడంటారు. గిన్నె తెరిచి ఉన్నంతసేపు అన్న ఎదుట ఉన్నట్టే. ఎవరూ గొంతు పెంచకూడదు, ఎవరి మాటా కాదనకూడదు. "కలవడం ఇష్టం లేనివాళ్లు చెప్పండి" అన్నాడు మార్ష్, తింటూనే. ఎవరు చెబుతారు? లోయంతా ఒప్పుకుందని పత్రికలో వేయించాడు. ఆ లోయవాళ్లు సిగ్గుతో సంతకు రావడమే మానేశారు.

రేపు మన లోయకే వస్తున్నాడని తెలిసి అందరూ కపేకా వాకిట్లో చేరారు.

"రానీ, రాళ్లతో కొడదాం!" అన్నాడు చేమమడి రైతు హనాకా.

"రాళ్లేస్తే పిట్టల్లా కాలుస్తారురా" అన్నాడు కపేకా తమ్ముడు మకాయో. కొత్త ప్రభుత్వానికి ప్రమాణం చెయ్యనన్నందుకు పోలీసు కొలువు పోగొట్టుకున్నవాడు. "పైగా మనమే దుర్మార్గులమని చాటుతాడు."

"పోనీ, తిండి పెట్టొద్దు!" అన్నాడు హనాకా.

"గుమ్మంలోకొచ్చిన ఆకలిని పొమ్మన్న కొంప ఈ లోయలో ఉందట్రా?" కసిరింది కపేకా.

"మరి అన్న ముందు నోరు కుట్టుకుని రాణిని అమ్ముకుందామా అక్కా?" అన్నాడు మకాయో.

కపేకా గిన్నె మూత చేతిలోకి తీసుకుంది. "ఆ గిన్నె తెరిచేది ఎవర్రా? మన ఆడాళ్లమే కదా" అంది. అంతే. ఎవరికీ అర్థం కాలేదు.

మర్నాడు మార్ష్ ఇద్దరు సిపాయిలతో బండి దిగాడు. "కపేకత్తా, ఇది మీ అమ్మ గిన్నేనా?"

"అదే నాయనా. తిను."

వాకిలంతా జనం. ఎండుచేప, ఉప్పు, నడుమ తెరిచిన గిన్నె. మార్ష్ రెండు వేళ్లు ముంచాడు. "అబ్బ, అదే రుచి! సరే, పెద్ద దేశంలో కలవడాన్ని కాదనేవాళ్లు చెప్పండి."

హనాకా పెదవి కొరుక్కున్నాడు. మకాయో తల వంచుకున్నాడు. మార్ష్ నవ్వి, వేళ్లు మళ్లీ చాపాడు.

కపేకా గిన్నె మీద మూత పెట్టింది.

"అతిథి తింటుండగానే?" మార్ష్ మొహం పాలిపోయింది.

"చాలు నాయనా, నువ్వు మా దీవుల్నే మింగావు. అన్న లోపలికెళ్లాడు. ఇప్పుడు అడుగు."

అతడు అడక్కుండానే హనాకా లేచాడు. "ఒప్పుకోం!" మకాయో లేచాడు. "ఒప్పుకోం!" ముసలీముతకా, చంకన పిల్లలతో తల్లులూ లేచారు. లోయ దద్దరిల్లింది.

"ఇది రాజద్రోహం!"

"రాణిని దించింది నువ్వు, ద్రోహం మాదా?" అంది కపేకా.

సిపాయిలు ఆమె చేతులు విరిచికట్టారు. అడ్డం పడిన మకాయోను తుపాకీ మడమతో కొట్టారు. అతని నెత్తురు వాకిటి పక్క చేమమడిలో కలిసింది. ఆమెను అలాగే బండి ఎక్కించారు; మార్ష్ ముందు కూర్చున్నాడు. జైలుకెళ్లే దారి పక్క లోయ మీదుగానే.

అప్పటికే కబురు కొండ దాటింది. వాకిళ్లలో జనం తెరిచిన గిన్నెల దగ్గర కూర్చుని ఉన్నారు. బండి రాగానే మొదటి ఇంటి ముసలిది గిన్నె మీద మూత పెట్టి లేచి నిలబడింది. తరువాతి ఇంట్లో మూత. ఆ పక్కింట్లో మూత. కొయ్య మీద కొయ్య పడే చప్పుడు బండిని తరుముకుంటూ వచ్చింది.

మార్ష్ వేళ్లకు చేమముద్ద ఇంకా అంటుకునే ఉంది. అందరూ లేచాక, ఆ లోయ నోరు తెరిచింది.