లేదని రాసిన కొర్రీ

ఆఫీసులో నన్ను కొర్రీలమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం లేదు గనక వెనక అంటారు. ఖజానా ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా బిల్లులు చూస్తున్నాను. బిల్లులో తప్పు కనిపిస్తే చీటీ మీద రాసి వెనక్కి పంపడమే కొర్రీ. తప్పుడు బిల్లు నా బల్ల దాటిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

మహమ్మారి వచ్చిన ఏడాది ఆ మంచిపేరే నా కొంప ముంచింది. షాపులు మూతపడ్డాయి, పన్నులు రావడం మానేశాయి, ఆస్పత్రుల ఖర్చు మాత్రం తడిసి మోపెడయింది. ఒకరోజు మా ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచి, మాస్కు కిందికి లాగి మరీ చెప్పాడు.

"జీతాలు, మందులు తప్ప ఇంకే బిల్లూ పాసవకూడదమ్మా. అలాగని డబ్బు లేదని ఎక్కడా రాయొద్దు. రాస్తే అది ప్రభుత్వం బాకీ కింద లెక్కకెక్కుతుంది, లోటు ఇంకా పెరుగుతుంది. ఏదో ఒక కొర్రీ వేసి తిప్పండి. మీకు కొత్తా?"

కొత్త కాదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట్లో నాకు హుషారుగానే ఉండేది.

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ ఆవిడ బిల్లు మూడుసార్లు తిప్పాను. ఒకసారి ముద్ర అలికినట్టుందన్నాను. ఇంకోసారి దుప్పట్లూ దిండు గలేబులూ విడివిడిగా చూపమన్నాను. మూడోసారి ఏడో పేజీకి నంబరు లేదన్నాను. ప్రతిసారీ "అలాగేనమ్మా" అని సరిచేసుకుని వచ్చేది.

నాలుగోసారి కౌంటరు అద్దం కింద నుంచి కాగితాలు తోసినప్పుడు ఆవిడ వేళ్లు చూశాను. బ్లీచింగుకి చర్మం లేచిపోయి ఉంది.

"ఆరు నెలలైందమ్మా. సోమవారం బ్యాంకువాళ్లు మిషన్లు పట్టుకుపోతారట. ప్రభుత్వం నాకు డబ్బివ్వాలని రాసున్న కాగితం ముక్క తెస్తే మూడు నెలలు ఆగుతానన్నాడు మేనేజరు. ఇందులో ఇంకేం తప్పులున్నాయో అన్నీ ఒక్కసారే చెప్పేయండి, మీకు పుణ్యముంటుంది."

"రేపు రండి" అన్నాను. మా నోట్లో ఎప్పుడూ ఉండే మాటే అది.

ఇంటికెళ్లి అత్తయ్యతో చెప్పాను. ఆవిడ ఆ ఆస్పత్రిలోనే పన్నెండు రోజులుండి బతికి బయటపడింది.

"నీ కొర్రీలు తగలెయ్య! నేను పూటకోసారి పక్క పాడుచేసుకున్నా పొద్దున్నే ఉతికిన దుప్పటి వేసేవాళ్లే. మిషన్లు పోతే ఆ జనం దేనిమీద పడుకుంటారే, నీ చీటీల మీదా?"

కోపం ముంచుకొచ్చింది. ఆవిడ మీద కాదు, నా మీద నాకే.

మర్నాడు శుక్రవారం. బిల్లు మొదటి పేజీ నుంచి చివరిదాకా రెండుసార్లు చూశాను. తప్పు వెతకడంలో నన్ను మించినవాళ్లు లేరు, నాకే దొరకలేదు. కొర్రీ చీటీ తీసి రాశాను: "బిల్లు సరిగ్గా ఉంది. మొత్తం చెల్లించవలసినదే. ఖజానాలో డబ్బు లేనందున ఆపడమైనది." సంతకం పెట్టి, ముద్ర వేసి, ఆవిడ చేతికే ఇచ్చాను.

సాయంత్రానికి ఆ చీటీ నకలు ఆఫీసరు చేతిలో ఉంది.

"మతి ఉండే రాశారా? లోటు పెరగదూ!"

"నేను రాయకముందూ ఉంది కద సార్. ఇన్నాళ్లూ ఆవిడ ఇంట్లో ఉంది, ఇప్పుడు మన పుస్తకంలోకి వచ్చింది."

"ఉద్యోగం మీద ఆశ లేదన్నమాట" అన్నాడు. ఉంది. భయం కూడా ఉంది.

సోమవారం మిషన్లు కదల్లేదు. బ్యాంకు ఆ చీటీ చూసి గడువిచ్చిందని లాండ్రీ ఆవిడ ఫోన్ చేసింది. మంగళవారం పదిగంటలకి నా బల్ల మీద మెమో ఉంది, సంజాయిషీ ఇమ్మని. తల ఎత్తితే అద్దం అవతల మనిషికీ మనిషికీ ఎడంతో వరస మెట్లదాకా ఉంది. ముందున్నవాడు అంబులెన్సు డ్రైవరు, వాడి వెనక ఆస్పత్రికి పాలు పోసేవాడు. డ్రైవరు బిల్లు కిందినుంచి తోశాడు.

"డబ్బులొద్దమ్మా. మాక్కూడా లేదని రాసిచ్చెయ్యండి."

ఇరవై రెండేళ్లలో డబ్బులడిగినవాళ్లనే చూశాను. లేదని రాసివ్వమని బతిమాలేవాళ్లని చూడటం అదే మొదలు. ఏడుపొచ్చింది, మాస్కు ఉండబట్టి ఎవరికీ కనిపించలేదు. మెమో పక్కకి జరిపి, చీటీల పుస్తకం ముందుకి లాక్కున్నాను.

"ఒక్కొక్కరే రండి" అన్నాను.