ఉతుకుడు వంతు

ఆ రూలు పెట్టింది కెప్టెనే. ఎవరి తప్పువల్ల గోలు పడితే వాళ్ళు ఆ రోజు జట్టు మొత్తం జెర్సీలు ఇంటికి మోసుకెళ్ళి ఉతికి తేవాలి. తప్పెవరిదో తేల్చేది కూడా కెప్టెనే.

అంతకుముందు కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో గోలు పడితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, బూట్లు విప్పుకుని ఇళ్ళకి పోయేవారు. ఎవరి పేరా పడని నష్టం మళ్ళీ మళ్ళీ వస్తుందని కెప్టెన్ నమ్మకం. అమ్మ నడిపే స్టీలు సామాన్ల కొట్టులో గిన్నెల మధ్య పెరిగిన పిల్ల మరి. రూలు వచ్చాక జెర్సీలు తళతళలాడాయి. జట్టు మాత్రం ఓడుతూనే వచ్చింది.

ఆఖరి ఆటకి ముందు ప్రిన్సిపాల్ ఆమెను గదికి పిలిచాడు.

"శనివారం కూడా ఓడితే వచ్చే ఏడు జట్టు ఉండదమ్మా. ఆ గ్రౌండ్‌లో బండ్లకి షెడ్డు వేయిస్తాం. వానొస్తే స్టాఫు బండ్ల సీట్లన్నీ నానిపోతున్నాయి."

"డ్రా అయితే సార్?"

"ఓడకపోతే చాలు."

బేరం తెగింది. కెప్టెన్ ఆ సాయంత్రమే జట్టును రెండుగా చీల్చి ఆడించింది. ముందు వరసలో ఆడే, జట్టు మిడత అని పిలిచే పిల్ల బంతిని డిఫెన్స్ లోపలికి తన్నింది. బంతి నిదానంగా దొర్లుకుంటూ గోల్‌కీపర్‌కీ, ఆమె ముందు కాపు కాసే, నిచ్చెన అనే పొడుగుపిల్లకీ మధ్యకి వచ్చింది. ఆ గోల్‌కీపర్‌ని అందరూ తలుపు అంటారు, ఒకప్పుడు అంత గట్టిగా మూసేసేది. ఇప్పుడు గీత మీద కట్టేసినట్టు నిలబడి, బంతి పక్కనుంచి పోతుంటే సాగనంపింది.

కెప్టెన్‌కి ఒళ్ళు మండింది. "ఏమే, ఒక్క అంగ వేసుంటే ఆ బంతి నీదయ్యేది కదా!"

"తప్పిపోతే గోలు కూడా నాదయ్యేది అక్కా. అందుకే వెయ్యలేదు."

"ఎకసెక్కాలా?"

"కాదక్కా, లెక్క. బయటికొచ్చి తప్పిపోతే గోలు నా ఖాతా. ఇక్కడే నిలబడితే నిచ్చెన ఖాతా. ఇప్పటికే మూడుసార్లు ఉతికాను. నువ్వు చేరింది జట్టులోనా, లాండ్రీలోనా అని మా అమ్మ అడుగుతోంది."

నిచ్చెన నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఓసి నీ దుంపతెగ! నా నెత్తిన రుద్దడానికా దిమ్మలా నిలబడ్డావు?"

"నువ్వేం తక్కువ తిన్నావా? బంతి కాలికి తగిలీ తగలకముందే మిడత మీదికి తోసేస్తావు. అది పోగొడితే దాని తప్పవుతుందని."

"అందుకే నేను ఎవరికీ కనపడనిచోట నించుంటా," అంది మిడత.

అందరూ పడీపడీ నవ్వారు. కెప్టెన్ నవ్వలేదు.

ఇంటికెళ్ళకుండా నేరుగా కొట్టుకెళ్ళి, బోర్లించిన పెద్ద గంగాళం మీద కూర్చుంది. పిల్లలు గోల్స్ లెక్కపెట్టడం ఎప్పుడో మానేశారు. ఉతుకుడు వంతులు లెక్కపెట్టుకుంటున్నారు. ఎవరికివాళ్ళు తప్పించుకుని లాభంలో ఉన్నారు, జట్టు దివాలా తీస్తోంది. ఇందులో ఇంకో సంగతి ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఇన్ని ఆటల్లో ఆమె వంతు ఒక్కసారీ రాలేదు.

"ఏంటే, తూకం రాయి మింగినట్టున్నావు?" అంది అమ్మ, గిన్నె మీద దుమ్ము తుడుస్తూ.

"అమ్మా, ఈ కొట్టులో నువ్వు తప్పు చేస్తే నిన్నెవరు అడుగుతారు?"

"నన్నా? నన్నడిగే మొనగాడు ఇంకా పుట్టలేదులే," అని అమ్మ నవ్వి, కొనడానికొచ్చినవాళ్ళ వైపు తిరిగింది.

మర్నాడు బంతులూ వలలూ పెట్టే గదిలో జట్టంతా ఇరుక్కుని కూర్చున్నాక కెప్టెన్ గడియ పెట్టింది.

"రూలు తీసేస్తున్నా. మనకి గిట్టుబాటు కాలేదు. ఇంకోటి. కిందటి ఆటలో పడ్డ గోలు నిచ్చెనది కాదు, నాది. ఇద్దరు మీదికొస్తుంటే భయపడి బంతి దానికి తోసేశా. అది పోగొట్టుకుంటే తెలిసీ దాని మీదే వేశా."



"నాకప్పుడే తెలుసు," అంది నిచ్చెన.

"మరి అనలేదేం?"

"తీర్పు చెప్పేదానివి నువ్వే. నీ మీద నీకే ఫిర్యాదు చెప్పుకోనా?"

కెప్టెన్ ఆ మాటను తల వంచి తీసుకుంది. "శనివారం ఎన్ని పడ్డా నావే, ఉతికేదీ నేనే. బదులుగా నాకు ఒక్కటే కావాలి. బంతిని చూసి ఎవరూ దాక్కోకండి."

"ఇప్పుడంటావక్కా," అంది తలుపు. "గోలు పడ్డాక నీ మొహం చూడాలి."

ఆ పరీక్ష శనివారం తొందరగానే వచ్చింది. అవతలి జట్టు బంతిని ఎత్తి తన్నింది. తలుపు గీత వదిలి ఉరికింది. అంచనా తప్పింది. బంతి ఆమె చేతుల మీదుగా పోయి వలలో పడింది. గట్టు మీద కుర్చీ వేసుకున్న ప్రిన్సిపాల్ పక్కాయనతో ఏదో అన్నాడు. జట్టంతా కెప్టెన్ వైపు చూసింది.

ఎందుకొచ్చావే అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, వలలోంచి బంతి తీసుకుంది.

"ఇది నాది. మళ్ళీ అలాంటిదొస్తే మళ్ళీ బయటికి రా."

"మళ్ళీ తప్పితే?"

"మళ్ళీ నాదే. నువ్వు రాకపోతే మాత్రం ఊరుకోను."

రెండో సగంలో అచ్చం అలాంటి బంతే వచ్చింది. తలుపు ఒక్క క్షణం తటపటాయించి, దూకింది. బంతిని పొట్టకేసి హత్తుకుని బురదలో పొర్లింది. లేచి నిచ్చెనకి విసిరింది. నిచ్చెన కంగారు పడలేదు. బంతిని ఆపి, తలెత్తి చూసి కెప్టెన్‌కి అందించింది.

ఇద్దరు కెప్టెన్ మీదికొచ్చారు. వెనక నిచ్చెన ఖాళీగానే ఉంది, తోసేస్తే ఏ గొడవా లేదు. కెప్టెన్ తోయలేదు. ఆ ఇద్దరి మధ్యకే దూరింది. మోకాలి కింద ఎముక మీద తన్ను పడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బంతి మాత్రం వదల్లేదు.

"అక్కా, ఇటు! ఇటు!" ఖాళీ జాగాలో మిడత గొంతు చించుకుంటోంది.

కెప్టెన్ తోసింది. మిడత కొట్టింది. బంతి స్తంభానికి తగిలి లోపలికి పడింది.

మిగిలిన ఆటంతా వాళ్ళు పళ్ళ బిగువున కాచుకున్నారు. విజిల్ మోగేసరికి చెరొక గోలు.

ప్రిన్సిపాల్ గట్టు దిగి వచ్చాడు. "గెలవలేదుగా అమ్మా!"

"ఓడలేదు సార్. మాట అదే కదా."

"సరే, సరే. జట్టు ఉంటుందిలే. కానీ ఆ గోల్‌కీపర్‌ని మార్చరాదూ? ఆ గోలు ఉత్తపుణ్యానికి పోయింది."

"బయటికి రమ్మన్నది నేను సార్. మార్చాలంటే కెప్టెన్‌ని మార్చండి."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. కెప్టెన్ కుంటుకుంటూ పిల్లల దగ్గరికి వచ్చింది.

"సోమవారం పొద్దున్నే ప్రాక్టీసు. ఎత్తు బంతులతో మొదలుపెడదాం."

"సోమవారం దాకా దేనికక్కా?" అంది తలుపు, మోచేతి బురద గీక్కుంటూ. "రేపు రాకూడదా?"