మోత ఆగేదాకా

ఆ కోల్డ్ స్టోరేజి ఆఫీసులో ఇంగ్లీషు వచ్చిన మనిషి టైపిస్టు ఒక్కతే. ఆ సంగతి నలుగురికీ తెలిసేలానే మసలుకునేది. యంత్రాలు పంపిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చినా, మందు సీసా మీద చీటీ చదవాలన్నా ఎవరైనా ఆమె బల్ల దగ్గరికే రావాలి. బఠాణీలను సంచులకెత్తే హాల్లో ఆమె వదిన పనిచేసేది. "మా ఆడపడుచుకి ఇంగ్లీషు మంచినీళ్ళ ప్రాయం" అని తోటివాళ్ళ దగ్గర తెగ గొప్పలు పోయేది.

ఒకరోజు మేనేజరు భద్రతా సూచనల కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పడేశాడు.

"ఇరవై లైన్లు. సాయంత్రానికి మన భాషలో కావాలి. బోర్డు రాసేవాడు వస్తాడు."

నాలుగో లైనులో లైట్లు 'గో ఆఫ్' అయితే ఉన్నచోటే నిలబడమని ఉంది. "లైట్లు ఆరిపోతే" అని రాసింది. అది సరిగ్గానే ఉంది. తొమ్మిదో లైనులో అదే మాట అలారానికి తగిలించి ఉంది. లైటు ఆరిపోతుంది, అలారం ఆగిపోతుంది, అంతే కదా అనుకుంది. "అలారం ఆగిపోగానే హాలు వదిలి బయటికి రావాలి" అని రాసింది.

రాశాక మనసు పీకింది. మోగుతున్నంతసేపూ లోపలుండి, ఆగాక రావడమేమిటి? అడిగి చూద్దామని మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన ఫోన్లో ఉన్నాడు. ఆమె వేలుపెట్టి చూపిస్తున్న లైను వంకైనా చూడకుండా, "ఇంగ్లీషు వచ్చనే కదమ్మా నిన్ను తీసుకుంది?" అన్నాడు. తల కొట్టేసినట్టయి వెనక్కి వచ్చేసింది. బయట ప్రమాదం ఉన్నంతసేపూ తలుపులు మూసుకుని ఉండమని మోగిస్తారేమోలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

బోర్డు హాల్లోకి ఎక్కింది. ఏడు నెలలు గడిచాయి. ఆ అలారాన్ని ఒక్కసారైనా మోగించి చూపించిన నాథుడు లేడు.

ఒకనాడు పదకొండు గంటలవేళ హాలు పైకప్పు కింద అమ్మోనియా గొట్టం అతుకు దగ్గర విడిపోయి గ్యాసు కమ్మేసింది. అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. ఆఫీసువాళ్ళంతా ఎవరూ చెప్పకుండానే ఆవరణలోకి పరిగెత్తారు. వాళ్ళతోపాటు టైపిస్టు కూడా. హాలు తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"వీళ్ళు బయటికి రారేం?" అన్నాడు మెకానిక్కు. కాసేపు చూసి, ముఖానికి తడిగుడ్డ చుట్టుకుని తనే లోపలికి దూరాడు.

హాల్లో పనిచేసే అయిదుగురూ అవతలి గోడ దగ్గర ముక్కులు మూసుకుని ఒకరినొకరు పట్టుకుని పడి ఉన్నారు. పెట్టెలకు టేపు అంటించే మీసాలాయన అప్పటికే పోయాడు. పెళ్ళయి రెండు నెలలైనా కాని అమ్మాయి ఆసుపత్రి గుమ్మంలో పోయింది. మిగతా ముగ్గురూ బతికారు. వాళ్ళలో వదిన ఒకతె. ఆమెకు గొంతు కాలిపోయింది.

మూడోరోజు ఆసుపత్రిలో వదిన కాగితం, పెన్సిలు కావాలని సైగ చేసింది. టైపిస్టు పక్కనే కూర్చుని కాగితం పట్టుకుంది. వంకర అక్షరాలతో వదిన ఇలా రాసింది: "ఆ కొత్తగా పెళ్ళయిన పిల్ల మోత వినగానే పరిగెత్తబోయింది. నేనే చెయ్యి పట్టి ఆపాను. ఆగాక వెళ్ళాలే, మా ఆడపడుచే రాసింది అన్నాను. అది ఆగనే లేదు. తర్వాత తలుపు ఎటుందో కనపడలేదు. నేను చేసింది సరైనదే కదా?"

టైపిస్టు ఆ కాగితాన్ని మడిచింది.

"సరిగ్గానే చేశావు వదినా" అంది.

అక్కణ్ణుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్ళి డిక్షనరీ తీసింది. 'గో' అనే ఆ రెండక్షరాల మాటకు అయిదు పేజీలు. పాలు విరిగితే గో ఆఫ్, లైటు ఆరితే గో ఆఫ్, తుపాకి పేలితే గో ఆఫ్, నిద్రపడితే గో ఆఫ్. అయిదోది, అలారం మోగితే గో ఆఫ్. మన దగ్గర మాత్రం పోవడం ఒక్క రకమా? కరెంటు పోతుంది, పరువు పోతుంది, మతి పోతుంది, మనిషీ పోతాడు. అవి ఊహ తెలియకముందే నోటికి వచ్చినవి కనుక ఎవరూ పొరబడరు. ఇదేమో తను చదివి నేర్చుకున్నది. చదివాను కాబట్టి వచ్చనుకుంది.

మేనేజరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"బోర్డు తీయించేశాను. కొత్తది పెట్టించాను. రేపు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. వాళ్ళు అలారం మోగినా పట్టించుకోకుండా పనిచేసుకుంటూ కూర్చున్నారని చెబుతాను. నువ్వు నోరు మెదపకు. నీకూ అదే మంచిది."

మర్నాడు ఇన్‌స్పెక్టరు ముందు మేనేజరు అన్నట్టే అన్నాడు. చనిపోయిన అమ్మాయి తల్లి వెనక కుర్చీలో కూర్చుని ఉంది. "మా పిల్లకి అంత నిర్లక్ష్యం లేదండీ" అని ఒక్కమాట అని తల దించుకుంది.

టైపిస్టు లేచి, తను టైపు చేసిన కాగితం నకలు బల్ల మీద పెట్టింది.

"తొమ్మిదో లైను చూడండి. తప్పు నాది. వాళ్ళు నేను రాసినట్టే చేశారు. అనుమానం వచ్చి ఈయన్ని అడిగాను. కసిరేసరికి మళ్ళీ అడగలేదు. మళ్ళీ అడగాల్సింది."

మేనేజరును వేరే చోటికి మార్చారు. టైపిస్టు ఉద్యోగం ఊడింది. చనిపోయిన అమ్మాయి తల్లి గేటు దగ్గర ఆమెను ఆపి, "నువ్వు చెప్పకపోతే నా బిడ్డదే తప్పని ఉండిపోయేది" అంది. ఆ వెంటనే, "ఇంకెప్పుడూ నాకు కనపడకు తల్లీ" అంది.

జరిగిందంతా ఆ సాయంత్రమే అన్నయ్య ఆసుపత్రిలో వదినకు చెప్పాడు. వదిన విని గోడవైపు తిరిగి పడుకుంది.

నెల తిరిగేసరికి ఆమెను ఇంటికి తెచ్చారు. ఉద్యోగం లేదు కనుక వంటావార్పూ టైపిస్టు నెత్తినే పడ్డాయి. వదినకు గొంతు తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. ఎవరినైనా పిలవాలంటే గరిటెతో కంచం మీద కొడుతుంది. మొగుడికి ఒక దెబ్బ, పెద్దవాడికి రెండు, చిన్నదానికి మూడు. పిల్లలు అదో ఆటలా పరిగెత్తుకెళతారు. ఆడపడుచు జావ కలిపి ఇస్తే తాగుతుంది, తలగడ సర్దితే సర్దించుకుంటుంది. అర్ధగంటైనా సరే, ఎండిన నాలుకతో నీళ్ళ కోసం కాచుకుని ఉంటుంది గాని, ఆడపడుచు కోసం మాత్రం ఒక్కనాడూ కంచం మోగించలేదు.