అయోంబెక్ మలుపు

నజర్షో జీపు తోలుతుంటే చూసినవాళ్ళు, ఈయనకు కళ్ళతో పనిలేదనేవాళ్ళు. మెచ్చుకోలుగానే అనేవాళ్ళు పాపం. ఖోరోగ్ పట్నం నుంచి కొండ కనుమ దాటి అలిచూర్ ఊరి దాకా ముప్ఫై ఏళ్ళుగా అదే దారి, అదే రష్యా జీపు. పొగడ్త నిజమైతే ఎలా ఉంటుందో ఆ అక్టోబరులో ఆయన కూతురు మవ్లూదాకు తెలిసొచ్చింది.

నాలుగు నెలల పసిగుడ్డు ఫిరూజాను ఒళ్ళో పెట్టుకుని మవ్లూదా మొగుడి దగ్గరకు బయల్దేరింది. యోర్‌బెక్‌కు అలిచూర్‌లో వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. బిడ్డ మొహం ఇంకా చూడలేదు. కనుమ మీద మంచు కూర్చుంటే ఇక వసంతం దాకా చూసే యోగం లేదు. వేసవంతా జీపు ఇంజను విప్పి పెరట్లో పడి ఉండటంతో, ఈ ఏడాది నజర్షో ఎండాకాలంలో కొండెక్కనేలేదు.

పొద్దున్నే గుమ్మంలో తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఈయన కళ్ళు ఒకటే నీళ్ళు కారుతున్నాయే. కాస్త చూసుకో."

"ఉల్లిపాయలు తరిగేది నువ్వు, కన్నీళ్ళు నాకా?" అన్నాడు నజర్షో. అందరూ నవ్వారు. మవ్లూదా కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆకులు పసుపుపచ్చగా పండిన పోప్లార్ చెట్లు ఏటి ఒడ్డునే ఆగిపోయాయి. పైకి వెళ్ళేకొద్దీ రాయి, మట్టి, గాలి. కుడివైపు కొండ, ఎడమవైపు లోయ. ఆ దారిలో మలుపులకు మనుషుల పేర్లుంటాయి. ఎక్కడ ఏ డ్రైవరు పోతే అది అతని మలుపు. అక్కడ రాళ్ళు పేరుస్తారు. దాటే ప్రతి డ్రైవరూ పోయినవాడి కోసం అరచేతులెత్తి మొహం మీదుగా దించుకోవాలి.

"వీడు మిర్జో. నిద్రమొహం," అంటూ నజర్షో ఒక చెయ్యెత్తాడు. ఇంకొంచెం పైన, "వీడు సఫర్. తాగుబోతు వెధవ. కానీ ఏం పాడేవాడనుకున్నావ్!"

ఏడోది అయోంబెక్ మలుపు. అయోంబెక్ నజర్షో సొంత తమ్ముడు. అక్కడ మాత్రం నజర్షో స్టీరింగు వదిలేసి రెండు చేతులూ ఎత్తుతాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

"తమ్ముడూ," అని నజర్షో రెండు చేతులూ ఎత్తాడు.

మవ్లూదా కూడా చేతులెత్తి అటు చూసింది. బాబాయి రాళ్ళు లేవు. వాటి మీద పెట్టిన బాబాయి బండి పాత స్టీరింగూ లేదు. ఉన్నది బుల్డోజరు తోసిన పచ్చిమట్టి గుట్ట. వేసవిలో కొండచరియ విరిగిపడితే పక్కనుంచి కొత్తగా దారి తవ్వి, ఇక్కడొక మలుపు పెట్టారు. అయోంబెక్ మలుపు ఇంకా ముందుంది.

నాన్న చూడట్లేదు. మలుపులు లెక్కపెడుతున్నాడు!

అయోంబెక్ మలుపు తర్వాత దారి మెల్లగా ఎడమకు పోతుంది. నజర్షో ధీమాగా ఎడమకు తిప్పుతున్నాడు. ఎదురుగా అసలు అయోంబెక్ మలుపు, కుడికి కొడవలిలా వంగి. ఎడమన గాలి తప్ప ఏమీ లేదు.

"కుడికి! నాన్నా, కుడికి!"

ఒక చేత్తో బిడ్డను అదుముకుని, రెండో చేత్తో స్టీరింగు లాగింది. నజర్షో ఎందుకని అడగలేదు, తిప్పేశాడు. అడగకపోవడంతోనే ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక ఎడమ చక్రం గాల్లో గిర్రున తిరిగి మళ్ళీ మట్టి పట్టుకుంది. రాళ్ళు లోయలోకి దొర్లాయి. అవి అడుగుకు చేరిన చప్పుడు వినిపించలేదు. రాళ్ళగుట్ట, దాని మీద స్టీరింగు, అద్దం పక్కనుంచి వెనక్కి పోయాయి.

మలుపు దాటాక నజర్షో, "కొత్త గుంత పడిందా?" అన్నాడు.

"అవును నాన్నా, గుంతే," అంది.

ఏమంటుంది మరి? పైన ఇంకా పదకొండు మలుపులున్నాయి. నీకు చూపు లేదని ఇప్పుడంటే ఆ చేతులు వణుకుతాయి. ఆగుదామంటే ఆ ఇరుకులో వెనకొచ్చే లారీ గుద్దేస్తుంది. గొంతు సవరించుకుని జోల పాడటం మొదలుపెట్టింది.

"జో జో... కుడికి తిరిగే దారమ్మా జో జో... ఎడమన పెద్ద రాయమ్మా జో జో... ఎదర లారీ వస్తోందమ్మా, కొండవైపు ఒదగమ్మా జో జో..."

జీపు కుడికి తిరిగింది. రాయిని తప్పించుకుంది. కొండను ఆనుకుని ఆగి, చైనా లారీని పోనిచ్చింది.

"బిడ్డ నిద్రపోయి గంటయిందే. పాటెవరికి?" అన్నాడు నజర్షో, రోడ్డు మీదనుంచి మొహం తిప్పకుండా.

"నాకే నాన్నా. భయమేస్తే పాడుకుంటాను."

నజర్షో చిన్నగా, "పాడుకో. ఆపకు," అన్నాడు.

జీపు కనుమ దాటింది, గోధుమరంగు ఎడారిలో పడింది, మవ్లూదా గొంతు బొంగురుపోయింది. పాట మాత్రం ఆగలేదు. చెట్టూ చేమా లేని ఆ మైదానంలో దూరంగా యోర్‌బెక్ ఇంటి పొగ కనబడ్డాక గానీ ఆమె నోరు మూయలేదు.

యోర్‌బెక్ బిడ్డను ఎత్తుకుని నవ్వుతూ, ఏడుస్తూ ఇల్లంతా తిరిగాడు. నజర్షో ఉప్పు, పాలు, వెన్న కలిపిన టీలో రొట్టె తుంచుకుని తిని లేచాడు. "వెలుతురుండగానే కొండ దిగాలి. మీ అమ్మ కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తుంటుంది."

మవ్లూదా తండ్రి చెయ్యి పట్టుకుంది. వెనక్కి ఒక్కడే! ఎవరు పాడతారు?

"రాత్రికి ఉండిపో నాన్నా."

"జీపుకు నిద్రొస్తుందా ఏంటి?"

"మావయ్యా, మబ్బు పట్టింది," అన్నాడు యోర్‌బెక్.

"నేను చూడని మబ్బా అల్లుడూ?" అని తాళం చెవి తీసుకుని గుమ్మం దాటాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

బతిమాలితే వినడు. కళ్ళు కనబడవంటే కొట్టడానికొస్తాడు. ఆమె దగ్గర ఒక్క మాటే మిగిలింది. ఆ మాటంటే నాన్న ఏమైపోతాడోనని అంతసేపూ గొంతులోనే తొక్కిపెట్టింది.

"నాన్నా! ఇవాళ నువ్వు బాబాయికి చేతులెత్తలేదు."

నజర్షో ఆగాడు. "ఎత్తానే."

"నువ్వెత్తింది బుల్డోజరు మట్టికి. బాబాయి రాళ్ళు ఆ తర్వాతి మలుపులో ఉన్నాయి. నువ్వు గుంత అన్నావే, అక్కడ. పక్కనుంచే దాటేశావు నాన్నా, చూడకుండా."

గాలి వీస్తోంది. నజర్షో అలాగే మెట్టు మీద కూలబడ్డాడు.

"రాళ్ళ మీద స్టీరింగు ఉందా ఇంకా?"

"ఉంది."

"నువ్వైనా ఎత్తావా?"

"లేదు నాన్నా. నా చెయ్యి నీ స్టీరింగు మీదుంది."

నజర్షో చెయ్యి చాచి, తడిమి, కూతురి అరచేయి వెతుక్కుని అందులో తాళం చెవి పెట్టాడు. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు.

"కనుమ ఎటుందమ్మా?" అని అడిగాడు.

మవ్లూదా రెండు భుజాలూ పట్టుకుని తండ్రిని అటు తిప్పింది. నజర్షో రెండు చేతులూ ఎత్తాడు.