బిళ్ళ ఉన్న చోటు

పంతులమ్మ రాసిన పిల్లల నవలలో, యాభై ఏళ్ళ కిందటి ఒక నూలు మిల్లు ఉంది. అందులో పనిచేసి చనిపోయిన తల్లి చొక్కాకు పెట్టుకునే నంబరు బిళ్ళను పదేళ్ళ కూతురు గుప్పిట్లో దాచుకుంటుంది. గేటు మనిషి ఎంత గదిమినా గుప్పిట విప్పదు.

ప్రచురణకర్త ఫోన్ చేశాడు. "మీ అమ్మగారూ ఆ మిల్లులోనే చేశారన్నారుగా. చివరి పేజీలో ఆవిడ బిళ్ళ ఫొటో వేద్దామండీ. శుక్రవారానికల్లా పంపండి."

"సరే" అనేసి, నాలుక కరుచుకుంది పంతులమ్మ. బిళ్ళ మిల్లుది. అమ్మ పోయిన మర్నాడే గేటు మనిషి చెయ్యి చాపితే, పదేళ్ళ తను కిక్కురుమనకుండా గుప్పిట విప్పింది. ఆ ఇంట్లో చదువుకున్నది తనొక్కతే. ఇప్పుడు మిగిలిందీ తనొక్కతే.

పాత సామాన్ల కొట్టుకు వెళ్ళి, పుస్తకంలో ఫొటోకి అమ్మ మిల్లు బిళ్ళలాంటిది కావాలంది.

"మిల్లు బిళ్ళలా? డబ్బాడున్నాయి తల్లీ. ఏ నంబరు?" అన్నాడు కొట్టు ముసలాయన.

"మూడు వందల పన్నెండు."

"మూడొందల ఇరవై ఒకటి ఉంది. ఫొటోకేగా! అంకె అటూ ఇటూ అయితే అమ్మ పిన్నమ్మవుతుందా?"

పంతులమ్మకూ నవ్వొచ్చింది. బిళ్ళను అరచేతిలో పెట్టుకుంది. చల్లగా ఉంది.

"ఇది ఎవరిదో?"

"అది తెలిసినవాళ్ళుంటే నా డబ్బాలోకెందుకొస్తుందమ్మా?"

ఆమె దాన్ని మళ్ళీ డబ్బాలో వేసేసింది.

ఇంటికొచ్చి, అమ్మది ఇంకేమైనా ఉందేమోనని పెట్టె అడుగంటా వెతికింది. ఏమీ లేదు, తన డిగ్రీ పట్టా చుట్టిపెట్టిన పాత గుడ్డ తప్ప. అమ్మ మిల్లులో తొడుక్కునే నీలం చొక్కా అది. ఇన్నేళ్ళూ దాన్ని గుడ్డగానే చూసింది. కిటికీ దగ్గర విప్పింది. ఉతికి ఉతికి చొక్కా తెల్లబారింది గానీ, ఎడమ రొమ్ము మీద రూపాయంత మేర మాత్రం ముదురు నీలం అలాగే ఉంది. దాని మధ్యన రెండు పిన్ను బెజ్జాలు. ఉతికేటప్పుడూ తియ్యని బిళ్ళ, ఏళ్ళ తరబడి ఎండ తగలకుండా కాచిన చోటు.

చాలాసేపు దాని మీద బొటనవేలు పెట్టుకుని కూర్చుంది. చూపించడానికి పక్కన ఎవరూ లేరు.

ఆ నీలం మచ్చనే ఫొటో తీసి పంపింది. కింద రాసింది: "బిళ్ళ నేనే ఇచ్చేశాను. అది ఉన్న చోటు ఇది."

ప్రచురణకర్త మళ్ళీ ఫోన్ చేశాడు. "బాగుందండీ. కానీ మీ కథలో పిల్ల ఇవ్వదు కదా?"

"ఇవ్వదండీ" అంది పంతులమ్మ. "ఆ పిల్లయినా ఇవ్వకూడదనే రాశాను."

ఫోన్ పెట్టేసి, పట్టాను మళ్ళీ ఆ చొక్కాలోనే చుట్టింది. ఈసారి నీలం మచ్చ పైకి వచ్చేలా.