రోశయ్యకు రెండో బారసాల

పానకాలరావును ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో అందరూ పిచ్చి డాక్టరనే పిలిచేవారు. తాను డాక్టరు కాదనీ, మందులివ్వననీ, బెంగుళూరు వెళ్ళి మనస్తత్వశాస్త్రం చదివి వచ్చాననీ మొదట్లో చెప్పి చూశాడు. "అయితే పిచ్చి మేష్టారన్నమాట" అన్నారు కొందరు. ఆ తర్వాత చెప్పడం మానేశాడు. మంగళగిరిలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన మనిషి. గుంటూరు బ్రాడీపేటలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, పొద్దున్నే పూజ ముగించి, తాను పనిచేసే ధర్మాసుపత్రి తరఫున బస్సెక్కి మిరప చేల ఊళ్ళు తిరిగేవాడు. కలతపడ్డ మనుషుల దగ్గర కూర్చుని వాళ్ళ చేత మాట్లాడించడం, ఇంటివాళ్ళకు నచ్చజెప్పడం, మరీ తప్పకపోతే మద్రాసు ఆసుపత్రికి పంపించడం అతని పని.

పంపినవాళ్ళలో నయమైనవాళ్ళున్నారు. తిరిగి ఇల్లు చేరినవాళ్ళు మాత్రం లేరు. "అక్కడే సుఖంగా ఉన్నాడుగా, ఉండనీండి" అని ఇంటివాళ్ళు మొహం తిప్పుకునేవారు. స్వామీ, నయం చేయడం నీ చేతిలో పని, మరి ఇంటి తలుపు తీయించడం ఎవరి పని అని అతను పూజలో అడిగేవాడు. ఒక్క మనిషినైనా తన ఇంట్లో, తన కంచం ముందు కూర్చుని అన్నం కలుపుకుంటుండగా చూడాలన్నది అతని కోరిక.

అరవై ఏడులో మిరపకాయ కల్లాలకు వచ్చే రోజుల్లో మద్రాసు నుంచి కబురు వచ్చింది. ఎప్పుడో రైల్వేస్టేషన్‌లో దొరికిన ఊరూ పేరూ లేని రోగికి నెమ్మదించిందట. తన పేరు రోశయ్య అనీ, తన ఊరు రావులపాడనీ చెప్పాడట. పానకాలరావు మద్రాసు వెళ్ళి అతనితో రెండు పూటలు మాట్లాడి, తిన్నగా రావులపాడు వెళ్ళాడు.

కల్లంలో రోశయ్య అన్న చలమయ్య మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఓ మూల నొసట బొట్టు లేని ఆడమనిషి ఒకామె తాలుకాయలు ఏరుతోంది.

సంగతి విని చలమయ్య చేతిలో పారను కింద పడేశాడు.

"బతికున్నాడా? పన్నెండేళ్ళు చూశామండి. పన్నెండేళ్ళూ నిండాక, పోయిన కార్తీకంలో దర్భలతో బొమ్మ చేసి దహనం చేశాం. పిండాలు పెట్టాం. ఊరంతా వచ్చి తిని వెళ్ళింది. ఇప్పుడు వాణ్ణి ఏ మొహంతో ఇంట్లోకి రానివ్వను? కర్మ చేసినవాడు గడప తొక్కితే ఇంటికి అరిష్టమంటారు."

"మీరు తొందరపడ్డారు, చలమయ్య గారూ."

"పన్నెండేళ్ళు తొందరటండీ? నాలుగు నెలల ముందు రాకపోయారా?"

తాలుకాయలు ఏరుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. ఆమె రోశయ్య భార్య మల్లేశ్వరి. అతను వెళ్ళిపోయిననాటికి పందొమ్మిదేళ్ళది. అన్నాళ్ళూ పసుపు కుంకుమలతో ఎదురుచూసి, కార్తీకంలో అవి తీసేసింది.

"నా మాటేమన్నా అడిగాడాండీ?" అంది, తల ఎత్తకుండా.

అడిగాడని చెప్పడం ఎంతసేపు. కానీ ఆమె అన్నేళ్ళ ఎదురుచూపు ముందు అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"అడగలేదమ్మా. మెట్టచేలో తవ్వుతున్న బావిలో నీళ్ళు పడ్డాయా అని అడిగాడు."

మల్లేశ్వరి నవ్వింది. నవ్వుతూనే చెంగు కళ్ళకు అద్దుకుంది. ఆ చేతులకు కారం ఉందని చలమయ్య అనేలోపే కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆయనే. ఇంకెవరో కాదు. మనిషి కంటే ముందు బావి సంగతే అడుగుతాడు" అంది.

ఆ సాయంత్రం చలమయ్యను వెంటబెట్టుకుని పానకాలరావు పురోహితుడు పిచ్చయ్యశాస్త్రి ఇంటికి వెళ్ళాడు. కర్మ చేయించింది ఆయనే. అంతా విని శాస్త్రి విసనకర్ర పక్కన పెట్టాడు.

"దీనికీ విధి ఉంది నాయనా. కర్మ అయినవాడు తిరిగొస్తే మళ్ళీ పుట్టినట్టే లెక్క. నేతితో స్నానం చేయించి, పసిబిడ్డకు చేసినట్టు పురుడు కడిగి, బారసాల చేసి పేరు పెట్టాలి. ఆ పైన తన భార్యనే తాను మళ్ళీ పెళ్ళాడాలి."

"నలభై ఏళ్ళవాడికి బారసాలా? ఊళ్ళో నవ్వుతారండీ" అన్నాడు చలమయ్య.

"నవ్వనీరా. ఏడవడానికి వచ్చి భోంచేసినవాళ్ళు నవ్వడానికి రాకపోతారా?"

తలుపు మూసిన శాస్త్రమే గడియ ఎక్కడుందో కూడా చెప్పింది. ఇన్నేళ్ళూ తను ఒక్కరోజైనా అడిగానా అనుకున్నాడు పానకాలరావు.

మంచిరోజు చూసి రోశయ్యను తీసుకొచ్చారు. గొడ్లసావిట్లో స్నానం, పురుడు, బారసాల అయ్యాయి. బియ్యంలో పేరు రాస్తుంటే అమ్మలక్కలు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. రోశయ్య మాత్రం బుద్ధిగా కూర్చున్నాడు. అన్నను గుర్తుపట్టాడు. ఎద్దుల కొట్టం ఇటు తిరిగి ఉండేదన్నాడు. పెళ్ళి అయ్యేదాకా లోపలికి రాకూడదు కనుక అతన్ని అరుగు మీద కూర్చోబెట్టారు.

మల్లేశ్వరి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగి, చెంబు తిరిగి ఇస్తూ, ఆమె బోసి నొసటి వంక, చెంపల మీది తెల్ల వెంట్రుకల వంక మర్యాదగా చూసి, "మల్లేశ్వరి ఏదండీ? పుట్టింటికి వెళ్ళిందా?" అని అడిగాడు.

పానకాలరావు ముందుకు కదిలాడు. మల్లేశ్వరి వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది.

"వస్తుంది. కూర్చోండి" అంది అతనితో.

లోపలికి వచ్చాక శాస్త్రి, "ఎల్లుండి ముహూర్తం బాగుందమ్మా" అన్నాడు.

"ఆయన నన్ను గుర్తుపట్టాక పెట్టండి, శాస్త్రి గారూ."

చలమయ్య తల పట్టుకున్నాడు. "బొట్టు లేకపోబట్టే కదమ్మా తెలియలేదు. పెళ్ళయితే బొట్టు పెట్టుకుంటావు, అప్పుడు వాడే పోల్చుకుంటాడు."

"బొట్టు చూసి పోల్చుకునేట్టయితే ఆ బొట్టుకే పెళ్ళి చేయండి, బావగారూ" అంది మల్లేశ్వరి. కోపంగా అనలేదు.

శాస్త్రి పంచాంగం మూశాడు. ఆమెకు ఎలా నచ్చజెప్పాలో పానకాలరావుకు తెలియలేదు. నచ్చజెప్పాలో వద్దో కూడా తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆమె కోసం మూసిన తలుపులైనా, తీసిన తలుపులైనా ఎవరూ ఆమెను అడిగి చేసినవి కావు.

మధ్యాహ్నం మల్లేశ్వరి కంచంలో అన్నం, గోంగూర పచ్చడి పెట్టుకుని అరుగు మీదికి తెచ్చింది. రోశయ్య ముందు పెట్టి, తాను కాస్త ఎడంగా స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"వంట మల్లేశ్వరిదేనా?" అన్నాడు రోశయ్య.

"అవును."

"మనిషి మాత్రం కనిపించదు" అని అతను అన్నం కలుపుకున్నాడు.

మల్లేశ్వరి అతను తినే ముద్ద ముద్దనూ చూస్తూ కూర్చుంది. పానకాలరావు బస్సు కోసం బయల్దేరుతూ వెనక్కి తిరిగి చూసినప్పుడు, ఆమె ఇంకొంచెం దగ్గరికి జరిగి, మజ్జిగ పోస్తోంది.